గది అద్దె పరిమితి ఉన్న ఆరోగ్య బీమాతో జాగ్రత్త

ఆరోగ్య బీమా కొనబోతున్నవారూ, పాత పాలసీని రెన్యువల్ చేయించుకోబోతున్నవారూ దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. మా నాన్నగారి ఆపరేషన్ బిల్లు బీమా మొత్తంలో (కంపెనీ గరిష్ఠంగా చెల్లిస్తానన్న మొత్తంలో) సగం కూడా లేదు. అయినా ఆ బిల్లులో మూడో వంతుకు పైగా మేమే చెల్లించాల్సి వచ్చింది. దీనికి కారణమైన గది అద్దె పరిమితి నిబంధన ఒక్క కంపెనీకే పరిమితం కాదు కనుక పేరు రాయడం లేదు.

ఆ పాలసీలో రోజుకు గది అద్దె బీమా మొత్తంలో 1 శాతం దాటకూడదు. ఆయన ఉన్న గది అద్దె దానికి రెట్టింపు. అదనపు అద్దె మాత్రమే మన మీద పడుతుందని ఏజెంటు గట్టిగా చెప్పారు. తీరా సెటిల్‌మెంట్ కాగితం చేతికొచ్చాక చూస్తే, గది అద్దెతో పాటు సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు, ఇలా ఒక్కో వరుసలో 50 శాతం కోసేశారు. గ్లౌజులు, మాస్కుల వంటివాటికి అసలేమీ ఇవ్వలేదు. మందుల జోలికి మాత్రం పోలేదు.

దీన్ని దామాషా కోత అంటారు. పాలసీ ఒప్పుకునే అద్దె, మనం తీసుకున్న గది అద్దెలో ఎన్నో వంతో, గదితో ముడిపడిన మిగతా ఖర్చులనూ అంతే వంతున చెల్లిస్తారు. గది స్థాయిని బట్టి ఆసుపత్రులు డాక్టరు ఫీజులు కూడా పెంచుతాయన్నది కంపెనీల వాదన. అందులో కొంత నిజం ఉండవచ్చు, కానీ అమ్మేటప్పుడు ఆ ఊసే ఎత్తకపోవడం ముమ్మాటికీ అన్యాయం.

బీమా ఉండి కూడా చాలామందికి రక్షణ చాలకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం: మనకు చూపించేది బీమా మొత్తం, ప్రీమియం అనే రెండు అంకెలే. వైద్య ఖర్చులు పెరుగుతున్నా ఏళ్ల తరబడి అదే మొత్తానికి రెన్యువల్ చేయించడం, ఉద్యోగంతో పాటే పోయే గ్రూప్ పాలసీని నమ్ముకుని, వయసు మీరాక, జబ్బులు వచ్చాక సొంత పాలసీ కోసం వెతకడం కూడా ఇటువంటి కారణాలే.

డబ్బు కట్టకముందే పూర్తి నిబంధనల పత్రం అడిగి తీసుకుని, గది అద్దె పరిమితి, కో-పేమెంట్ (ప్రతి బిల్లులో మనం కట్టాల్సిన వాటా), ఒక్కో జబ్బుకు పెట్టిన గరిష్ఠ మొత్తం, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం) ఎంతో చూడండి. ఇప్పటికే పరిమితి ఉన్న పాలసీ చేతిలో ఉంటే, ఆసుపత్రిలో చేరేటప్పుడే బీమా కౌంటరులో మీ పాలసీకి ఏ గది వర్తిస్తుందో రాతపూర్వకంగా అడిగి, ఆ గదినే తీసుకోండి.