దూరప్రయాణంలో గుర్రం కాళ్లకు రక్షణ: ట్రావెల్ బూట్లు, దూదికట్లు, బెల్ బూట్లు ఏళ్ల తరబడి వాడిన తరువాత

హైదరాబాద్ శివార్లలోని మా సవారీ లాయం నుంచి పోటీలకు, శిక్షణ శిబిరాలకు ఏటా బెంగళూరుకు గుర్రాలను తీసుకువెళుతుంటాము. దాదాపు 570 కిలోమీటర్ల ఆ దారి కారులో వెళ్లేవారికి ఒక పగటి ప్రయాణం. గుర్రాలున్న వ్యాను మాత్రం నెమ్మదిగా నడవాలి, మధ్యమధ్య ఆగాలి కాబట్టి సాయంత్రం బయలుదేరితే తెల్లవారిన తరువాత కూడా ఇంకా కొంత దారి మిగిలే ఉంటుంది. అంతసేపూ గుర్రం నిలబడే ఉంటుంది. కాన్పూర్‌లో తయారైన పొడవాటి ట్రావెల్ బూట్ల సెట్టును, దూది పొర మీద చుట్టే పట్టీకట్లను, గిట్ట చుట్టూ తొడిగే రబ్బరు బెల్ బూట్లను ఇదే దారిలో, ఇవే గుర్రాలకు మార్చి మార్చి వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. కట్టు కట్టడం బాగా తెలిసిన సైసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, గుర్రంతో పాటే వ్యానులో వస్తున్నప్పుడు దూదికట్టును మించిన రక్షణ లేదు. అటువంటి మనిషి దొరకనప్పుడు బూట్లు వాడడమే క్షేమం. బెల్ బూట్లు రెండు సందర్భాల్లోనూ ఉండాలి.

గుర్రం కాలికి మోకాలి కింద కండ లేదు. చర్మం, దాని కింద ఎముక, ఎముక వెనుక టెండన్లు (కండను ఎముకతో కలిపే తాళ్లు), లిగమెంట్లు (ఎముకను ఎముకతో కలిపే పట్టీలు), వాటి పక్కనే రక్తనాళాలు, అంతే. తొడ మీద తగిలితే కమిలి ఊరుకునే దెబ్బ ఇక్కడ తగిలిందంటే నేరుగా ఎముకకో టెండనుకో తగిలినట్టే. పైగా ఈ భాగంలో చర్మం చీలితే గాయం చాలా నెమ్మదిగా మానుతుంది, దుర్మాంసం పెరగడం కూడా ఇక్కడే ఎక్కువ. గిట్ట పై అంచున వెంట్రుకలు మొదలయ్యే చోటును పశువైద్యులు కొరొనెట్ అంటారు. గిట్ట పెరిగేది అక్కడి నుంచే. ఆ అంచు లోతుగా తెగితే దాని కింద పెరిగే గోడలో చీలికో గాడో శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. గిట్ట గోడ నెలకు ఒక సెంటీమీటరు లోపే పెరుగుతుంది కనుక, మామూలుగా బాగయ్యే దెబ్బ అయినా దాని గుర్తు గిట్ట ముందు కొన దాకా దిగి పోవడానికి ఏడాది దగ్గర పడుతుంది.

ఈ దెబ్బలు వ్యాను గోడల వల్లనే తగులుతాయని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో ఎక్కువ గాయాలు గుర్రం తన లాడంతో తానే చేసుకున్నవి. దాదాపు 500 కిలోల శరీరంలో అరవై శాతం వరకు బరువు ముందు కాళ్ల మీద ఉంటుంది. డ్రైవరు బ్రేకు వేయగానే ఆ బరువంతా ముందుకు తూలుతుంది. గుర్రం కాళ్లు ఎడంగా పెట్టి ఆపుకోబోతుంది, ఆ కంగారులో ఒక గిట్ట మరో కాలి మీద పడుతుంది. గుర్రాన్ని ర్యాంపు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు కూడా ఇంతే. టోల్ ప్లాజాలు, ఊళ్ల దగ్గరి స్పీడ్ బ్రేకర్లు ఉన్న మన రహదారుల మీద ఇది రాత్రంతా జరిగే పని.

ముందుగా బూట్ల సంగతి. బయట గట్టి నైలాన్ గుడ్డ, మధ్యలో ఫోము, లోపల ఉన్ని వంటి అస్తరు, బయటి పక్కన వరుసగా వెల్క్రో పట్టీలు. ముందు బూటు మోకాలి నుంచి గిట్ట పై అంచు వరకు, వెనుక బూటు హాక్ కీలును (వెనుక కాలి నడుమ వెనక్కి పొడుచుకు వచ్చే కీలు) కూడా కప్పుతూ కింది దాకా వస్తుంది. వ్యాను వెనుక తలుపుకు గుర్రం ఒరిగినప్పుడు మొదట ఒరుసుకునేది ఆ హాక్ కొనలే. పట్టీకట్టు అంత పైకి రాదు కనుక ఈ ఒక్క విషయంలో బూటుదే పైచేయి. నాలుగు కాళ్లకూ తొడగడానికి కొద్ది నిమిషాలు చాలు, కొత్తగా చేరిన సైసు కూడా తొడగగలడు. బిగువు ఎక్కువై టెండన్ దెబ్బతింటుందన్న భయం దాదాపు లేదు. మా సెట్టు బయటి గుడ్డ ఇప్పటికీ ఎక్కడా చిరగలేదు, కుట్లు ఊడలేదు. ఇందుకు తయారీదారులను మెచ్చుకోవలసిందే.

లోపాలూ ఉన్నాయి. మొదటిది జారడం. పందెపు జాతి అయిన థారోబ్రెడ్ గుర్రం కాలి కొలతకు కుట్టిన బూటు మా సన్నకాళ్ల మార్వాడీ గుర్రానికి వదులై, దారిలో మెల్లగా కిందికి దిగుతుంది. జారిన బూటు అంచును గుర్రం తొక్కితే అసలు బూటే లేకపోవడం కంటే ప్రమాదం. అందుకే కొనేముందు మోకాలి కింద చుట్టుకొలత తీసుకుని దాని ప్రకారమే కొనాలి, గుర్రం ఎత్తును బట్టి కొంటే సరిపోదు. రెండవది వెల్క్రో. దాని కొక్కేల్లో గడ్డిపోచలు, రంపపు పొట్టు చిక్కుకుని పట్టు పోతుంది. ప్రతి ప్రయాణం తరువాత పాత టూత్‌బ్రష్షుతో శుభ్రం చేయించడం మా లాయంలో నియమంగా పెట్టుకున్నాము. మూడవదీ ముఖ్యమైనదీ వేడి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం మీదుగా పగటిపూట వెళితే ఆ మందపాటి అస్తరు లోపల కాలు చెమటతో నాని పోతుంది, గడ్డి నలుసు ఒక్కటి లోపల చేరినా ఆ తడిలో చర్మం ఒరుసుకుపోతుంది. ఎండాకాలంలో సూర్యాస్తమయం తరువాతే బయలుదేరడం మేము పాటించే పద్ధతి.

వెనుక బూట్లకు గుర్రాన్ని ముందే అలవాటు చేయడం అన్నిటికన్నా అవసరం. మొదటిసారి హాక్ మీద ఏదో పట్టుకున్నట్టు అనిపించగానే గుర్రం కాళ్లు పైకెత్తి విదిలిస్తుంది, కొన్ని తన్నుతాయి కూడా. ఇది ర్యాంపు మీద జరగకూడదు. ప్రయాణానికి వారం ముందు నుంచీ రోజూ కాసేపు లాయంలో తొడిగి చేతితో నడిపిస్తే అలవాటు పడుతుంది. అలవాటు పడని గుర్రానికి వెనుక బూట్లు తొడిగి బలవంతంగా వ్యాను ఎక్కించడం కంటే అవి లేకుండా తీసుకువెళ్లడమే మంచిదని నా గట్టి నమ్మకం.

ఇక దూదికట్టు. బూటు దెబ్బను మాత్రమే ఆపుతుంది. సరిగ్గా కట్టిన కట్టు దెబ్బను ఆపడంతో పాటు కాలికి నలువైపులా సమానమైన ఒత్తిడి ఇస్తుంది. కాలి కింది భాగంలో ద్రవం పైకి తిరిగి వెళ్లడానికి గుర్రం నడక ఎంతో సాయపడుతుంది. గంటల తరబడి కదలక నిలబడితే ఆ ద్రవం అక్కడే నిలిచి కాళ్లు పొంగుతాయి. ఉదయం వ్యాను దిగినప్పుడు కట్లు ఉన్న గుర్రం కాళ్లు సన్నగా, గీత గీసినట్టు ఉండడం, బూట్లు ఉన్నదాని వెనుక కాళ్లు ఉబ్బి ఉండడం ఎన్నోసార్లు పక్కపక్కనే చూశాను. దిగి నడిచాక తగ్గే వాపే అయినా, మరునాడు పోటీ ఉన్న గుర్రానికి ఈ తేడా చిన్నది కాదు.

కట్టు విలువంతా కింద వేసే మందపాటి దూది పొరలో ఉంది. గుర్రాల వాళ్లంతా గామ్జీ అని పిలిచే ఈ పొరను, రెండు పలుచని గుడ్డల మధ్య దూది పెట్టి 1880లో రూపొందించినవాడు బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు జోసెఫ్ శాంప్సన్ గామ్జీ. ఆయన మొదట చదివింది పశువైద్యమే. మనుషుల గాయాల కోసం చేసిన ఆ పొర ఇప్పటికీ లాయాల్లో నిలిచి ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. దూది పలుచగా వేసి సాగే పట్టీని బిగించి చుట్టడం మాత్రం ఎన్నడూ చేయరాదు, ఒత్తిడంతా ఒక గీతగా టెండన్ మీద పడి దానికే గాయమవుతుంది.

మా పెద్ద సైసు కట్టే పద్ధతి ఇది. కాలు కడిగి పూర్తిగా ఆరిన తరువాత దూదిని ముడత లేకుండా చుట్టి, కాలి నడుమ భాగంలో పట్టీ మొదలుపెట్టి, కిందికి గిట్ట పై అంచు దాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి మోకాలి కింద ముగిస్తాడు. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పుతుంది. ఎడమ కాలికి పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురుగా, కుడి కాలికి ముల్లు తిరిగే వైపుగా చుడతాడు. అంటే పట్టీ కాలి ముందు వైపు లోపలి నుంచి బయటికి వచ్చి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. ముగింపు కాలి బయటి పక్కనే ఉండాలి, టెండన్ మీద ముడి పడకూడదు. పైనా కిందా దూది కొద్దిగా బయటికి కనిపించాలి. కట్టు పై అంచున ఒక వేలు కొంచెం ఒత్తిడితో దూరితే బిగువు సరైనదని అర్థం. సులువుగా దూరితే దారిలో జారుతుంది, దూరకపోతే విప్పి మళ్లీ కట్టాలి. ఎంత బాగా కట్టినా పన్నెండు గంటలు దాటనివ్వము, ఆ లోపే విప్పి, కాలు చేత్తో రుద్ది, తిరిగి కడతాము. సైసు లేని వ్యానులో కట్టు పంపవద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. వదులై ఊడిన పట్టీ కాళ్లకు చుట్టుకుంటే చీకట్లో విప్పే చెయ్యి ఉండదు.

బెల్ బూట్ల గురించి చెప్పవలసింది తక్కువ. వెల తక్కువ, బరువు తక్కువ, కొరొనెట్‌నూ గిట్ట వెనుక మెత్తని మడమ భాగాన్నీ లాడం దెబ్బ నుంచి బాగా కాపాడుతాయి. రబ్బరు పగిలాక మార్చుకోవడమే. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను డీసీఎం వ్యానుల్లో తీసుకువెళ్లేవారిని మన నగరంలో రోజూ చూస్తాము. ఇనుప రేకు నేల మీద లాడాలతో జారుతూ నిలబడ్డ ఆ గుర్రాలకు కనీసం ఇవైనా తొడగాలని, నేల మీద రబ్బరు మ్యాట్ పరచాలని చేతులు జోడించి కోరుతున్నాను.

నేల జారుతుంటే ఏ బూటూ ఏ కట్టూ కాళ్లను కాపాడలేదు. రబ్బరు మ్యాట్, దాని మీద గడ్డి లేదా పొట్టు, గుర్రం కాళ్లు ఎడంగా పెట్టుకునేంత చోటు, మలుపుల్లో నెమ్మదించే డ్రైవరు, ఇవి ముందు చూసుకున్నాకే కాళ్ల సామగ్రి మీద డబ్బు పెట్టండి. 1978 నాటి జంతు రవాణా నియమాలలో గుర్రజాతికి ప్రత్యేక అధ్యాయం ఉంది, పశువైద్యుని ధ్రువపత్రం తప్పనిసరి. ఆ పరీక్ష రోజునే నాలుగు కాళ్లనూ తడిమించి, ఉన్న గడ్డలూ పాత వాపులూ రాయించి పెట్టుకుంటాము. దిగిన తరువాత ఏది కొత్తదో తెలియడానికి అదే ఆధారం.

చేరగానే బూట్లో కట్లో విప్పి, కాళ్లను రెండు చేతులతో తడిమి, ఎడమ కుడి వేడిని పోల్చి చూస్తాము. తరువాత పావుగంట నడక, నీళ్లు, గడ్డి. వెనుక కాళ్ల వాపు నడకతో దిగిపోతే చింత లేదు. ఒక్క కాలే వేడిగా ఉన్నా, నొక్కితే గుర్రం కాలు లాక్కున్నా చల్లని నీటి ధార పట్టి పశువైద్యుని పిలిపిస్తాము. ఆయన చూసి చెప్పేదాకా ఆ గుర్రం మీద జీను వేయము.