పెడల్ స్టీల్ గిటార్ కొంటున్నారా? ముందు దాన్ని తిరగేసి చూడండి

పది తీగల పెడల్ స్టీల్ గిటార్ (కాళ్ల మీద అడ్డంగా నిలిపి, ఎడమ చేత్తో లోహపు బార్‌ను తీగల మీద జార్చుతూ, పెడళ్లతోనూ మోకాలి లివర్లతోనూ తీగల స్వరాలు మారుస్తూ వాయించే గిటార్) కొనాలని, రెండు కంపెనీల మధ్య తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మూడు నెలల క్రితం నా పరిస్థితీ అదే. రోజుల తరబడి పోల్చాను, పట్టిక గీసుకున్నాను, చివరికి ఒకటి కొన్నాను. పోల్చాల్సిన వాటిని మాత్రం పోల్చలేదు. దానికి తోడు, అమ్మినవారు కొత్తదని చెప్పి పంపినది కొత్తది కాదు. వారి పేరు ఇక్కడ రాయడం లేదు, డబ్బు వాపసు వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి. నేను ఎక్కడెక్కడ చూడకుండా వదిలేశానో చెబుతాను. మీరు అక్కడ తప్పకుండా చూడండి.

రెండు గిటార్ల వివరాలూ అచ్చుగుద్దినట్టు ఉండేవి. రెండూ ఒకే నెక్ ఉన్నవి, ఇ9 అనే తీగల శ్రుతి అమరికకు తయారైనవి, గట్టి మేపుల్ చెక్కతో చేసినవి. తీగ పొడవు రెండింటికీ 24¼ అంగుళాలు. మూడు పెడళ్లు. రెండింటిలోనూ ఆల్ పుల్ పద్ధతి (స్వరం ఎక్కించడానికీ దించడానికీ రాడ్‌ను లాగే పద్ధతి) యంత్రాంగమే. తేడా రెండే రెండు చోట్ల కనిపించింది. మొదటి కంపెనీ నాలుగు మోకాలి లివర్లు ఇస్తోంది, కానీ చేత్తో ఒక్కొక్కటిగా తయారుచేస్తారు కాబట్టి నెలల తరబడి ఆగాలి. రెండో కంపెనీ గిటార్‌కు అయిదు లివర్లు, పైగా సిద్ధంగా ఉంది, వారంలో పంపుతామన్నారు. ఒక లివర్ ఎక్కువ, నిరీక్షణ తక్కువ. ఇంకేం కావాలి అనుకున్నాను.

మిగిలిన సందేహమల్లా నాదం గురించే. రెండు కంపెనీల గిటార్లు మోగే వీడియోలు రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఒకటి కాస్త మెత్తగా, ఇంకొకటి కాస్త గంటలా మోగుతున్నట్టు అనిపించింది. ఆ సమయమంతా వృథా. మీరు వినే నాదంలో వాయించేవారి ఎడమ చేతిలోని బార్ ఒత్తిడి ఉంటుంది, కుడి చేతి వేళ్లకు తొడిగిన పిక్‌లు మీటే తీరు ఉంటుంది, వాల్యూమ్ పెడల్ మీద పాదం ఉంటుంది, ఆంప్లిఫయర్ ఉంటుంది, దానిమీద రెవర్బ్ ఉంటుంది. ఇవన్నీ తీసేశాక గిటార్ వాటాగా మిగిలేది ఉన్నా, వీడియోలో దాన్ని విడదీసి వినడం దాదాపు అసాధ్యం. తీగల మోతను పట్టే పికప్ నచ్చకపోతే మార్చుకోవచ్చు కూడా. కింద ఉన్న యంత్రాంగాన్ని అలా మార్చుకోలేం.

గిటార్ వచ్చిన రోజు సాయంత్రమే అసలు సంగతి బయటపడింది. పెడల్ స్టీల్ వాయించనివారి కోసం కొంచెం వివరిస్తాను. మూడు పెడళ్లను ఎ, బి, సి అని పిలుస్తారు. ఇ9 శ్రుతిలో ఎ, బి పెడళ్లు కలిపి తొక్కితే ఐదో తీగ, పదో తీగ బి నుంచి సి షార్ప్‌కు ఎక్కుతాయి. మూడో తీగ, ఆరో తీగ జి షార్ప్ నుంచి ఎ స్వరానికి ఎక్కుతాయి. నాలుగో తీగ, ఎనిమిదో తీగ మాత్రం ఇ మీదే నిలిచి ఉండాలి. అప్పుడు ఇ మేజర్ కాస్తా ఎ మేజర్ అవుతుంది. అంతవరకు షడ్జమంగా ఉన్న ఇ స్వరం, తాను కదలకుండానే, పంచమంగా మారుతుంది. ఈ వాద్యంలోని అందమంతా అక్కడే ఉంది: కొన్ని తీగలు జారుతుంటే కొన్ని స్థిరంగా నిలబడాలి. షడ్జమ పంచమాలు కదలకూడని స్వరాలని మనకు సంగీతంలో మొదటి పాఠంలోనే చెబుతారు. నా కొత్త గిటార్‌లో ఆ పంచమమే కదిలింది.

మొదట నా చెవినే అనుమానించాను. తరువాత ట్యూనర్ పెట్టి నాలుగో తీగ ఒక్కటే మీటి, అది మోగుతుండగా రెండు పెడళ్లూ తొక్కాను. ముల్లు 14 సెంట్లు కిందికి దిగింది. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. పద్నాలుగు చిన్న సంఖ్యలా కనిపించవచ్చు. కానీ స్వచ్ఛమైన గాంధారానికీ, పియానో మీద వినిపించే గాంధారానికీ మధ్య ఉన్న తేడా కూడా దాదాపు 14 సెంట్లే. స్టీల్ వాయించేవాళ్లు చాలామంది జి షార్ప్ తీగలను కొంత తగ్గించి శ్రుతి చేసుకునేది ఆ తేడా చెవికి గుచ్చుకుంటుందనే. అలాంటిది, కదలకూడని తీగ పెడల్ తొక్కిన ప్రతిసారీ అంత కిందికి జారితే ఏ కార్డూ నిలవదు.

దీన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. పెడల్ తొక్కినప్పుడు కొన్ని తీగల మీద బిగువు పెరుగుతుంది, ఆ లాగుడుకు గిటార్ పెట్టె రవ్వంత వంగుతుంది, మిగతా తీగలు వదులవుతాయి. అమ్మినవారికి రాశాను. "ప్రతి పెడల్ స్టీల్‌లోనూ ఇది ఉంటుంది" అని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఆ మాట అబద్ధం కాదు. నాకు కోపం తెప్పించింది కూడా అదే. ప్రతి గిటార్‌లోనూ ఉంటుంది, నిజమే. చక్కగా కట్టిన గిటార్‌లో అది కొద్ది సెంట్లకు మించదు. ఇ తీగలను కొంచెం హెచ్చులో పెట్టుకుని దానితో సర్దుకుంటారు. పద్నాలుగుతో అలా సర్దుకోలేం. పెడళ్లు తొక్కినప్పుడు కుదిరేలా పెడితే వదిలినప్పుడు చెడుతుంది, వదిలినప్పుడు కుదిరేలా పెడితే తొక్కినప్పుడు చెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇలాంటి జవాబు ఎంత హాని చేస్తుందో ఆలోచించండి. తప్పు తమ చేతిలోనే ఉందనుకుని నెలల తరబడి సాధన చేస్తూ కుంగిపోతారు.

ఆ తరువాత మూడో తీగ తెగింది. ఇందులో వింతేమీ లేదు. పది తీగల్లో అన్నిటికన్నా హెచ్చు స్వరం దానిదే, మందం 0.011 అంగుళం మాత్రమే, పైగా పెడల్ తొక్కినప్పుడల్లా ఇంకా బిగుసుకుంటుంది. అందుకే అందరూ దాన్ని నాలుగైదు అదనంగా కొని పెట్టుకుంటారు. కానీ ఆరు వారాల్లో నాకు ఐదు తెగాయి. ఐదూ ఒకే చోట, ఛేంజర్ ఫింగర్ (తీగ చివర తగిలించి ఉండే, స్వరం మార్చడానికి కదిలే లోహపు ముక్క) మీద తీగ వంపు తిరిగే దగ్గర తెగాయి. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ సన్నని గాడి కనిపించింది. నాలుగో ఫింగర్ మీద, ఐదో ఫింగర్ మీద కూడా ఉంది. ఏళ్ల తరబడి తీగ రాపిడి పడితే తప్ప లోహంలో అలాంటి గాడి ఏర్పడదు.

అప్పుడు గిటార్‌ను దుప్పటి మీద బోర్లించి, మొదటిసారి కింది భాగాన్ని శ్రద్ధగా చూశాను. గిటార్‌కు కాళ్లు బిగించే ముందే చేయాల్సిన పని అది. పైన లక్క మెరుగు అద్దంలా ఉంది, గీత కూడా లేదు. కింద మాత్రం, పెడళ్ల, లివర్ల కదలికను ఛేంజర్‌కు చేరవేసే పుల్ రాడ్‌ల మీద ఇంతకుముందు వేరే చోట బిగించిన స్క్రూల గుర్తులు ఉన్నాయి. రెండు రాడ్‌లను వంచి మళ్లీ సరిచేసినట్టు తెలుస్తోంది. చివర శ్రుతి సరిచేసుకునే నైలాన్ నట్లలో కొన్నిటి అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. పెట్టె కొత్తదే. లోపలి యంత్రాంగం పాత గిటార్ నుంచి తీసి అమర్చినది. పాత యంత్రాంగం వాడటం తప్పని నేను అనను. బాగు చేసి, ఆ సంగతి చెప్పి అమ్మితే కొనేవాళ్లు ఉంటారు. కొత్తదని చెప్పి, కొత్తదాని ధర తీసుకుని పంపడం మోసం.

ఇక నన్ను ఆకర్షించిన ఆ అయిదో లివర్. ఎడమ మోకాలితో పైకి ఎత్తే ఈ లివర్ ఐదో తీగను బి నుంచి బి ఫ్లాట్‌కు దించాలి. లివర్ ఉంది, కదులుతుంది, కానీ దాని నుంచి ఛేంజర్‌కు రాడ్ లేదు, లివర్‌తో పాటు తిరిగే షాఫ్ట్ మీద, రాడ్‌ను లాగే బెల్ క్రాంక్ అనే చిన్న మీట కూడా లేదు. ప్రకటనలో "అయిదు లివర్లు" అన్నారు కానీ అయిదూ పనిచేస్తాయని అనలేదు! అడిగితే, ఏ కంపెనీ భాగాలైనా సరిపోతాయి, కొనుక్కుని బిగించుకోండి అన్నారు. నమ్మి వేరే కంపెనీ బెల్ క్రాంక్ తెప్పించాను. నా గిటార్‌లో షాఫ్ట్ గుండ్రంగా ఉంది, వచ్చిన బెల్ క్రాంక్ రంధ్రం ఆరు పలకలది. ఒక కంపెనీ షాఫ్ట్ గుండ్రంగా ఉంటే ఇంకొకరిది చతురస్రం, మరొకరిది ఆరు పలకలు. రాడ్ మందాలూ, కొక్కేలు తగిలించే తీరూ కూడా వేర్వేరు. కారు టైరులా ఒక కొలత చెప్పి కొనుక్కునే వస్తువులు కావివి. కాబట్టి రెండు కంపెనీలను పోల్చేటప్పుడు, పది ఏళ్ల తరువాత ఒక ఫింగర్ అరిగితే కొత్తది ఎవరిస్తారన్నది లివర్ల లెక్క కన్నా పెద్ద ప్రశ్న.

రెండు పేర్ల మధ్య ఈ ఎంపిక స్టీల్ వాయించేవాళ్లకు కొత్తది కాదు. 1950లలో షాట్ జాక్సన్, బడ్డీ ఎమన్స్ కలిసి తమ పేర్ల ముక్కలతోనే షో-బడ్ మొదలుపెట్టారు. ఎమన్స్ ఆ తరువాత బయటికి వచ్చి, 1960లలో తన పేరుతోనే ఇంకో కంపెనీలో భాగమయ్యాడు. ఆ రెండింటిలో ఏది మేలన్న వాదన ఇప్పటికీ ఆగలేదు. అయితే ఆ చరిత్ర నుంచి కొనేవారికి అవసరమైన సంగతి ఒకటుంది. పెడళ్ల వరుసలో రెండు పద్ధతులున్నాయి. ఎడమ నుంచి ఎ, బి, సి వరుసలో ఉంటే ఎమన్స్ పద్ధతి, సి, బి, ఎ వరుసలో ఉంటే జిమ్మీ డే పేరుతో డే పద్ధతి. డే పద్ధతిలో కొన్ని లివర్ల పనులు కూడా తారుమారవుతాయి. నాకు ఈ విషయంలో ఇబ్బంది రాలేదు. కానీ రాసి అడగకపోతే మీకు రావచ్చు, అలవాటైన కాళ్లకు వరుస మార్చడం చిన్న పని కాదు.

డబ్బు పంపే ముందు అమ్మేవారిని ఒకే ఒక్క వీడియో అడగండి. గిటార్ బోర్లించి ఉన్న ఫొటోలు ఎలాగూ అడుగుతారు. ఆ వీడియోలో ట్యూనర్ ముల్లు కనిపించాలి. నాలుగో తీగ మోగిస్తూ ఎ, బి పెడళ్లు తొక్కి వదలమనండి. తరువాత అదే తీగను లివర్‌తో ఇ ఫ్లాట్‌కు దించి వదలాలి, ఇంకో లివర్‌తో ఎఫ్‌కు ఎక్కించి వదలాలి. రెండుసార్లూ ముల్లు మొదటి చోటికే రావాలి. దించినప్పుడు ఒక చోటికి, ఎక్కించినప్పుడు ఇంకో చోటికి తిరిగొస్తే రిటర్న్ స్ప్రింగ్ బలహీనంగా ఉందనో, ఫింగర్ల జాయింట్లు అరిగాయనో, తీగ రెండో చివర ఆనే చిన్న చక్రం, అంటే నట్ రోలర్, దగ్గర పట్టేస్తోందనో అర్థం. నాలుగో తీగనే ఎందుకంటే, ఆ ఒక్క తీగ రెండు లివర్లకూ సి పెడల్‌కూ పనిచేయాలి. యంత్రాంగంలో లోపం ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. ఆ తరువాత ఛేంజర్ ఫింగర్లను దగ్గరగా, పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫొటో అడగండి. వెలుతురు ఎదురుగా పడితే గాడి కనిపించదు. నాకు పంపిన ఫొటోలన్నీ అలాగే ఉన్నాయి, ఇప్పుడు తీసి చూస్తే అర్థమవుతోంది.

పోయిన వారం, నిరీక్షణ ఎక్కువని నేను పక్కన పెట్టిన మొదటి కంపెనీకి రాశాను. ఇదే వీడియో అడిగాను. అప్పటికి తయారవుతున్న ఒక గిటార్ మీద, తయారుచేసే ఆయనే తీసి మర్నాడు పంపారు. పెడళ్లు తొక్కినప్పుడు ముల్లు నాలుగు సెంట్లు దిగింది, లివర్లు వదిలినప్పుడు రెండుసార్లూ ఉన్న చోటికే వచ్చింది. కింద ఒక వాక్యం రాశారు: నాలుగు సెంట్లు ఉంటుంది, ఇంకా తగ్గించడం నాకు చేతకాలేదు, ఇ తీగలను కొంచెం హెచ్చులో పెట్టుకోండి అని. ఏడు నెలలు ఆగాలట. బయానా పంపేశాను.