1963 కార్వెట్ బొమ్మ: బండికి ఫుల్ మార్కులు, డబ్బా మీది రాతకు సున్నా

నెల్లూరు ఆటోనగర్లో లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించే పని నాది. ఏ బండైనా ముందు కింద దూరి చూస్తేగానీ తృప్తి ఉండదు. ఆన్‌లైన్లో తెప్పించిన ఈ షెవర్లే కార్వెట్ స్టింగ్ రే (అమెరికా స్పోర్ట్స్ కారు) బొమ్మ 1:18 సైజుది, జానెడు మీద కాస్త ఎక్కువ. డబ్బాలోంచి తీయంగానే తిరగేశా.

కింద పని బలే ఉంది. లారీకి మాదిరి రెండు వెనక చక్రాలనూ కలిపే అడ్డ గొట్టం, అదే హౌసింగ్, లేదు. చక్రాలకు బలం పంచే గేర్లుండే క్రౌన్ డబ్బాను చాసిస్‌కే బిగించి, రెండు పక్కలకీ క్రాసులున్న (వంగుతూ తిరిగే కీళ్ళున్న) పొట్టి షాఫ్టులు ఇచ్చారు. వెనక చక్రాలు దేనికది ఆడే ఈ ఏర్పాటు కార్వెట్‌కు వచ్చింది 1963లోనే. కృష్ణపట్నం పోర్టు లోడు తోలే డ్రైవరొకాయన చూసి, "అన్నా, కమాన్ కట్ట అడ్డంగా ఏసినారేంది?" అన్నాడు. అసలు కారుకూ అంతే. రెండు చక్రాలకూ కలిపి ఒకే స్ప్రింగు కట్ట, తొమ్మిది ఆకులు. ఇంకో తమాషా, అసలు కారు బాడీ ఫైబర్, బొమ్మదేమో లోహం.

బానెట్ ఎత్తితే 327 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే 5.4 లీటర్లు. పాత టాటా ఆరు సిలిండర్ల డీజిల్ కూడా ఇంచుమించు ఇంతే, కానీ దాని బలం 130 హార్స్‌పవర్ దరిదాపు. దీనికి 360. పెట్రోలు ఇంజిన్, పైగా ఆ బలం వచ్చేది 6,000 ఆర్‌పీఎం దగ్గర. ఆ రోజుల్లో అమెరికావాళ్ళు ఫ్యానూ సైలెన్సరూ తగిలించకుండా ఇంజిన్ని స్టాండ్ మీద పెట్టి కొలిచేవాళ్ళు గనక అంకె కాస్త ఉబ్బింది కూడా. 1972 నుంచి అన్నీ తగిలించి కొలిస్తే లెక్కలు కిందికి దిగాయి.

నాకు మండింది డబ్బా దగ్గర. "360 హార్స్‌పవర్, ఆటోమేటిక్" అని అచ్చేశారు. 1963లో ఈ కారుకు 250, 300, 340, 360 హార్స్‌పవర్ అని నాలుగు రకాల ఇంజిన్లు వచ్చాయి. రెండే గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ మొదటి రెండిటికే. బొమ్మలో కార్బురేటర్ బదులు రోచెస్టర్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టె చక్కగా చేశారు, ఆ నాలుగిట్లో అది ఉన్నది 360కే, అంటే ఇది 360దే. సీట్ల మధ్య గేర్ రాడ్ కూడా నాలుగు గేర్లదే పెట్టారు. బొమ్మ చేసినోడికి తెలిసింది డబ్బా రాసినోడికి తెలీదు. గేర్‌బాక్స్ తప్పు రాశాక హార్స్‌పవర్ ఎంత రాస్తే ఏం లాభం?

తలుపు కీళ్ళు సన్నం, చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు. ముందు లైట్లు తిరిగి లోపలికి పోతాయి, కుడివైపుది కొంచెం పట్టేస్తా ఉంది. నాలుగు వేల చిల్లరకి ఈ పనితనం గిట్టుబాటే. వెనక డిక్కీ తెరుచుకోలేదని మాత్రం తిప్పి పంపకండి. అసలు కారుకే డిక్కీ తలుపు లేదు, సామాను సీట్ల వెనక నుంచి దూర్చాల్సిందే.