ఫర్‌హిల్ సీజన్ టికెట్: మూడు సీజన్లు వాడాక

గ్లాస్గోకు కొత్తగా వచ్చినవాళ్లు ఫుట్‌బాల్ చూడాలంటే ముందు సెల్టిక్, రేంజర్స్ టికెట్ల కోసం వెతుకుతారు. నేనూ వెతికాను. దొరకలేదు, దొరికినవి నా జేబుకు అందలేదు. మేముండే ఫ్లాట్ మేరీహిల్ రోడ్డు మీద. ఒక శనివారం మధ్యాహ్నం ఎరుపు, పసుపు మఫ్లర్లు వేసుకుని కిటికీ కింద నుంచి జనం నడిచిపోతుంటే, చూద్దాం ఏముందో అని వాళ్ల వెనకే వెళ్లాను. అలా ఫర్‌హిల్ మైదానంలో ఆడే పార్టిక్ థిసిల్ జట్టు నా నెత్తికి చుట్టుకుంది. 2022 వేసవిలో సీజన్ టికెట్ తీసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఏడూ "ఇదే ఆఖరు" అనుకుంటూ కొంటూనే ఉన్నాను.

ముందు లెక్క చెప్తాను. స్కాటిష్ చాంపియన్‌షిప్ అంటే పేరు పెద్దదే గానీ అది రెండో అంచె లీగ్. పది జట్లు. ఒక్కో జట్టుతో నాలుగేసి సార్లు, మొత్తం 36 మ్యాచ్‌లు. అందులో 18 మన గ్రౌండ్‌లో. నాలుగేసి సార్లంటే తక్కువేం కాదు. ఫిబ్రవరికల్లా ఎదుటి గోల్‌కీపర్ చేసే తప్పులు కూడా మనకు నోటికొచ్చేస్తాయి.

ఆట గురించి అబద్ధం చెప్పను. టీవీలో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కు అలవాటు పడ్డ కళ్లకు మొదటి నెల కష్టమే. బంతి నేల మీద కన్నా గాల్లో ఎక్కువసేపు ఉన్నట్టనిపిస్తుంది. అయితే ఇక్కడ వీఏఆర్, అంటే వీడియో చూసి గోల్ చెల్లుతుందో లేదో తేల్చే పద్ధతి, లేదు. గోల్ పడితే పడినట్టే, వెంటనే లేచి అరవచ్చు. ఎవడో గదిలో కూర్చుని గీతలు గీసే దాకా నోరు మూసుకుని నిలబడక్కర్లేదు. నా దృష్టిలో ఈ ఒక్కటే సగం టికెట్ డబ్బులకు సరి.

నా సీటు జాకీ హస్బెండ్ స్టాండ్‌లో. చలికాలంలో మూడింటికి ఆట మొదలైతే సెకండాఫ్ సగానికే చీకటి పడిపోతుంది, మిగతాదంతా ఫ్లడ్‌లైట్ల కిందే. థర్మల్స్ వేసుకోకుండా వెళ్లడం మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు. ఇంటర్వెల్‌లో మటన్ పై దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత, గట్టి పిండి గిన్నెలా ఉంటుంది. పైమూత అంచుకన్నా కాస్త లోపలికి దిగి ఉంటుంది, గ్రేవీ పోసుకోవడానికన్నమాట. లోపల ఖీమా, మిరియాల ఘాటు. మొదటి కొరుకుకే నాలుక కాలుతుంది, నూనె మణికట్టు దాకా కారుతుంది. మనవాళ్లకు ఒక మాట: అందరి చేతుల్లో పొగలు కక్కే బోవ్రిల్ అనే పానీయం బీఫ్ సారం, తినని వాళ్లు టీ అడగండి. బీరు మాత్రం స్టాండ్లలో దొరకదు. 1980 స్కాటిష్ కప్ ఫైనల్ తర్వాత సెల్టిక్, రేంజర్స్ అభిమానులు మైదానంలోకి దిగి కొట్టుకున్నారు, ఆ పాపం ఇప్పటికీ అందరం మోస్తున్నాం.

పక్క సీటులో ఒక పెద్దాయన. జట్టు గెలుస్తున్నా ఓడుతున్నా మొహంలో తేడా ఉండదు. 1971 లీగ్ కప్ ఫైనల్లో సెల్టిక్‌ను 4-1తో ఓడించిన కథ నాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు. ఇంటర్వెల్‌కే 4-0 అనే దగ్గర ప్రతిసారీ ఆగి నా మొహం చూస్తాడు. నేను ప్రతిసారీ ఆశ్చర్యపోవాలి.

బయటి ఊళ్లలో ఆడే మ్యాచ్‌లకు టికెట్ వేరే కొనుక్కోవాలి. ఒక్కటే వెళ్లగలిగితే ఆర్‌బ్రోత్ వెళ్లండి. క్వీన్ స్ట్రీట్ స్టేషన్లో అబెర్డీన్ రైలెక్కితే చాలు. గేఫీల్డ్ మైదానం సముద్రానికి ఆనుకునే ఉంటుంది. మేం వెళ్లిన రోజు కీపర్ గట్టిగా తన్నిన బంతి పైకి లేచి, గాల్లో ఆగి, వెనక్కి మళ్లింది. స్టేడియమంతా నవ్వింది, కీపర్‌తో సహా. ఇంకో ఊరి మైదానంలో, పేరెందుకులెండి, ఇంటర్వెల్‌కు ముందే పైలు అయిపోయాయి. అరగంట క్యూలో నిలబడి చిప్స్ ప్యాకెట్‌తో వెనక్కొచ్చాను.

ఇక 2022-23 సీజన్. నా మొదటిది కావడం వల్లేమో, ఇప్పటికీ తల్చుకుంటే కడుపులో తిప్పుతుంది. ఫిబ్రవరిలో స్కాటిష్ కప్‌లో రేంజర్స్ మీద వాళ్ల మైదానం ఇబ్రాక్స్‌లో ఆడాం. గాయపడ్డ ఆటగాడి కోసం మావాళ్లు బయటికి కొట్టిన బంతిని రేంజర్స్ మర్యాదగా వెనక్కివ్వాలి. కానీ టిల్‌మన్ మధ్యలో లాక్కుని గోల్ కొట్టాడు. వాళ్ల మేనేజర్ బీల్ తన జట్టుకు పక్కకు తప్పుకొమ్మని చెప్తే, మా టిఫనీ ఎవరూ అడ్డు రాకుండా వెళ్లి గోల్ వేశాడు. అయినా 3-2తో ఓడాం, ఆ వెంటనే మా మేనేజర్ మెకాల్‌ను తీసేశారు. క్లబ్‌కు ఏళ్ల తరబడి గోల్స్ కొట్టిన పాత స్ట్రైకర్ డూలన్ పగ్గాలు పట్టాడు. అన్నట్టు అప్పటి మా స్ట్రైకర్ బ్రయన్ గ్రహమ్ క్లబ్ మహిళల జట్టుకు మేనేజర్ కూడా. రెండో అంచె అంటే ఇదీ.

టైటిల్ చివరి రోజు దాకా తేలలేదు. క్వీన్స్ పార్క్ గెలిస్తే వాళ్లది, లేదంటే డండీది. సొంత స్టేడియం పనులు పూర్తికాక క్వీన్స్ పార్క్ ఆ ఏడాది స్టెన్‌హౌస్‌మ్యూర్ వాళ్ల చిన్న గ్రౌండ్‌లో అద్దెకుంది. టైటిల్ నిర్ణయించే శుక్రవారం రాత్రి మ్యాచ్ అక్కడే, టీవీలో చూశాను. డండీ 5-3తో గెలిచింది. కప్పు చేతికొచ్చిన వారంలోపే వాళ్ల మేనేజర్ ఉద్యోగం పోయింది!

మేం నాలుగో స్థానం. ఇక్కడే ఈ లీగ్ మీద నా అసలు ఫిర్యాదు. చాంపియన్ నేరుగా పైకి పోతాడు. ప్లేఆఫ్‌లో నాలుగో జట్టు ముందు మూడో జట్టుతో, తర్వాత రెండో జట్టుతో, చివరికి పై అంచె లీగ్ ప్రీమియర్‌షిప్‌లో పదకొండో జట్టుతో, రెండేసి మ్యాచ్‌ల చొప్పున ఆడాలి. 36 ఆడిన కాళ్లకు ఇంకో ఆరు. పైనున్న జట్టుకు మాత్రం రెండే. సీజన్ టికెట్ వీటికి చెల్లదు, మళ్లీ డబ్బులు కట్టాలి. కట్టాను. క్వీన్స్ పార్క్‌ను కొట్టాం, ఎయిర్ యునైటెడ్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 8-0తో చిత్తు చేశాం. ఫైనల్లో రాస్ కౌంటీని ఫర్‌హిల్‌లో 2-0తో ఓడించాం.

జూన్ 4న రాస్ కౌంటీ వాళ్ల ఊరు డింగ్‌వాల్‌లో రెండో మ్యాచ్. ఎండ కాస్తోంది, అదే అపశకునం అనుకోవాల్సింది. మావాళ్లు ఇంకో గోల్ కొట్టారు. మొత్తం మీద 3-0, ఆట ఇంకో ఇరవై నిమిషాలు లేదు. నా వెనక ఒకాయన వచ్చే ఏడాది ఇబ్రాక్స్ ఎప్పుడొస్తుందో అని ఫోన్లో చూస్తున్నాడు. వాళ్లకు పెనాల్టీ వచ్చింది, ఒకటి. కాసేపటికే రెండు. ఆఖరి నిమిషాల్లో మూడు. షూటౌట్‌లో 5-4తో వాళ్లు గెలిచారు. ఎవరూ తిట్టలేదు, ఏడవలేదు, ఉన్నచోటే కూర్చుండిపోయాం. బస్సులో పెర్త్ దాటే దాకా మాటల్లేవు. అప్పుడు పెద్దాయన మఫ్లర్ మడిచి కోటు జేబులో పెట్టుకుంటూ, "ఓడిపోయాం కదా, టికెట్ రేటు పెంచరులే" అన్నాడు.

2024లో మళ్లీ ప్లేఆఫ్, సెమీస్‌లో రేత్ రోవర్స్ మీద మళ్లీ పెనాల్టీల్లోనే పోయింది. 2025లో లివింగ్‌స్టన్ మా దారి మూసింది. మూడేళ్లలో మూడు ప్లేఆఫ్‌లు, ఒక్కసారీ పైకి పోలేదు. డబ్బు పెట్టి బీపీ కొనుక్కోవడం ఏంటని మా ఆవిడ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. గొప్ప ఆట చూడాలనుకుంటే మీరు కొనకండి. శనివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉండి, పక్క సీటాయన కథ పదకొండోసారి వినే ఓపిక ఉంటే కొనండి.

అదే లివింగ్‌స్టన్ 2025 ఫైనల్లో రాస్ కౌంటీని ఓడించి కిందికి తోసింది. నేను ఇంట్లో చూస్తున్నాను, పెద్దాయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రాస్ కౌంటీవాళ్లు ఏడాదికి నాలుగుసార్లు మనకు తగులుతారిక, అని.