మా మోటల్ వారెంట్ తనిఖీ: 5కి 4 స్టార్లు

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్‌లో, ఓమరు ఊళ్ళో మాది 12 గదుల మోటల్. పెంగ్విన్లను చూడ్డానికి వచ్చేవాళ్ళే సగం మంది. ఇక్కడ కారుకి వారెంట్ ఉన్నట్టే ఇలాంటి బిల్డింగులకీ ఏటా వారెంట్ ఉండాలి, అంటే భద్రతా ఏర్పాట్లను చూడాల్సినట్టు చూశారని చెప్పే కాగితం. దాన్ని అందరికీ కనబడేలా తగిలించాలి. అంతకుముందు ఐక్యూపీ అనే తనిఖీదారు వచ్చి అలారం, ఎమర్జెన్సీ లైట్లు వగైరా చూసి, ఒక్కోదానికీ 12ఏ అనే ఫారం మీద సంతకం పెట్టాలి. రెండేళ్ళుగా మాకు వస్తున్న పెద్దాయన గురించే ఈ రివ్యూ. పేరు మాత్రం రాయొద్దన్నాడు, ఉన్న ఫోన్లకే జవాబు చెప్పలేకపోతున్నాడట.

ఆయన్ని వెతుక్కోవాల్సి రావడానికి కారణం మా బద్ధకమే. అలారం చూసే కంపెనీకే మొత్తం అప్పజెప్పేవాళ్ళం. ఒకటే మనిషి, ఒకటే బిల్లు, నాలుగు ఫారాలు. మా ఆయనకి అలా తేలిగ్గా తెమిలిపోయే పనులంటే ఇష్టం. ఒక ఏడాది కౌన్సిల్ నుంచి మెయిల్ వచ్చింది: మూడు సరే, నాలుగోది చెల్లదు. ఆ నాలుగోది బ్యాక్‌ఫ్లో వాల్వుది. మన పైపుల్లో నీళ్ళు వెనక్కి మళ్ళి ఊరి మంచినీళ్ళలో కలవకుండా ఆపేది అదే. సంతకం పెట్టిన మనిషికి అలారానికి గుర్తింపు ఉంది, లైట్లకి ఉంది, ఆ వాల్వుకి లేదు. కంపెనీవాళ్ళని అడిగితే "ఎప్పుడూ ఇలాగే ఇస్తున్నాం కదా" అన్నారు. సరైన మనిషి దొరికేసరికి వారెంట్ 11 రోజులు ఆలస్యమైంది. పాతది తీసేశాక రిసెప్షన్ గోడ మీద మేకు ఒక్కటే మిగిలింది. వచ్చినవాళ్ళంతా ఆ మేకునే చూస్తున్నట్టు ఉండేది నాకు.

ఈ తనిఖీదారుల పేర్లుండే రిజిస్టర్ సంగతి తెలిసింది అప్పుడే. 2004 బిల్డింగ్ యాక్ట్ ప్రకారం ఫలానా మనిషి తనిఖీకి తగినవాడని ఒప్పుకోవాల్సింది ఏ ఊరికి ఆ ఊరి కౌన్సిలే. అంటే ఒక్కో కౌన్సిల్‌కీ విడివిడిగా దరఖాస్తు, విడివిడిగా పరిశీలన. మా ఐలాండ్ కౌన్సిళ్ళు ఆ బాధ లేకుండా కలిసి ఒకటే రిజిస్టర్ పెట్టుకున్నాయి. టిమరు డిస్ట్రిక్ట్ కౌన్సిల్ అందరి తరఫునా దాన్ని నడుపుతుంది. అందులో ఉత్త పేరు చూసి సంబరపడకూడదు, ఏ సిస్టంకి గుర్తింపు ఉందో చూడాలి. ఒక్కో సిస్టంకీ ఒక నంబరు: మంటలొస్తే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు 1, అలారం 2, ఎమర్జెన్సీ లైట్లు 4, బ్యాక్‌ఫ్లో 7, లిఫ్టులు 8, మంటలొస్తే బయటపడే దారులూ తలుపులూ 15. పదహారోది కేబుల్ కారు. మా మోటల్‌కి ఇంకా ఆ యోగం పట్టలేదు.

మాకున్నవి 2, 4, 7, 15. పెద్దాయనకి వీటిలో మూడే ఉన్నాయి. ఫోన్‌లో ఆ మాట తనే ముందు చెప్పాడు: "ఏడు నాది కాదు, దానికి వేరే ప్లంబర్ని పిలవండి." నాకు అక్కడే నచ్చాడు.

పాత కంపెనీ మనిషి 40 నిమిషాల్లో వెళ్ళిపోయేవాడు. ఈయన పొద్దున 9కి వచ్చి ఒంటిగంట దాకా ఉన్నాడు. ఎక్కువసేపు తలుపుల దగ్గరే. ప్రతి ఫైర్ డోరునీ పూర్తిగా తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి, జానెడు తెరిచి ఒకసారి వదిలిపెడతాడు. తనంతట తనే మూసుకుని గడియ టక్కుమని పడాలి. రెండో అంతస్తు మెట్ల దగ్గరి తలుపు జానెడు నుంచి వదిలితే ఆనుకుందే గానీ గడియ పడలేదు. "నువ్వు చూస్తే మూసే ఉంది, పొగ చూస్తే తెరిచే ఉంది" అన్నాడు. దుప్పట్లు మోసేటప్పుడు అడ్డం వస్తుందని ఆ తలుపుకి చెక్కముక్క పెట్టే అలవాటు నాదే. చెక్కముక్క జేబులో వేసుకుపోయాడు, ఇప్పటికీ తిరిగివ్వలేదు.

తర్వాత మేముండే వాటాలోకి వచ్చాడు. వంటింటి బయట పొగ డిటెక్టరుకి షవర్ క్యాప్ తొడిగి ఉంది. నేను పోపు వేసినప్పుడల్లా అలారం మోగుతోందని మా ఆయన చేసిన ఘనకార్యం. ఒకసారి ఇంగువ పోపుకే ఫైరింజన్ వచ్చింది. పనులు మానుకుని వచ్చిన వాలంటీర్లకి మజ్జిగ పులుసు చూపించి క్షమాపణ చెప్పుకున్నాను. పెద్దాయన క్యాప్ తీసి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా రాసుకున్నాడు. అరిచినా బాగుండేది. డిటెక్టరు అక్కడే ఉండాలో, రకం మారాలో అలారంవాళ్ళ చేత చూపించేదాకా ఆ ఫారం మీద సంతకం పెట్టలేదు. "ఏవండీ, మీ టోపీ" అంటే మా ఆయన ఇప్పటికీ మాట మారుస్తాడు.

నిరుడు ఇన్వర్‌కార్గిల్ నుంచి మా వదిన ఫోన్ చేసింది. వాళ్ళది రెస్టారెంటు, పైన చిన్న ఫంక్షన్ హాలు. "వదినా, మీ ఊరాయన వచ్చి ఇక్కడ సంతకం పెడితే మా కౌన్సిల్ ఒప్పుకుంటుందా?" 300 కిలోమీటర్ల పైన దూరం, వేరే కౌన్సిల్. అయినా రిజిస్టర్ ఒకటే కాబట్టి చెల్లింది. అదే హామిల్టన్‌లో ఉన్న మా మేనల్లుడు "అత్తా, మాకూ పంపించు" అంటే కుదరలేదు. అది నార్త్ ఐలాండ్, వాళ్ళ రిజిస్టర్ వేరు. అదే దేశం, అదే చట్టం, అవే 16 సిస్టంలు. ఆయనకి చెక్కముక్కని కనిపెట్టే చూపు కుక్ జలసంధి దాటగానే పోతుందా? ఐలాండంతా ఒకటి కాగలిగినవాళ్ళు దేశమంతా ఎందుకు కాలేరో నాకర్థం కాదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, కొంత డబ్బు. పాతవాళ్ళు 390 డాలర్లు తీసుకునేవాళ్ళు, ఈయన 620, జీఎస్టీ పైన. దారి ఖర్చు వేరే. రిపోర్టు చేతిరాత, మందులచీటీ చదివినట్టు చదవాలి.

ఇంకో మాట, ఇది ఆయన తప్పు కాదు. 2023 మే 16న వెల్లింగ్టన్‌లో లోఫర్స్ లాడ్జ్ తగలబడి 5 మంది పోయారు. అక్కడ స్ప్రింక్లర్లు లేవు. అంతకు ముందు ఏడాదే సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి 8 మంది పోయారని విని ఉన్నాం. అప్పట్నుంచి మా గెస్టులు కొందరు గోడ మీది కాగితం చూపించి "అయితే భయం లేదుగా?" అంటారు. బిల్డింగులో పెట్టిన సిస్టంలను చూడాల్సినట్టు చూశారనే ఆ కాగితం చెబుతుంది. లేనివాటి గురించి నోరెత్తదు. మాకూ స్ప్రింక్లర్లు లేవు, ఉండాలన్న నిబంధనా లేదు. అడిగితే దాచకుండా చెబుతున్నాను. ఒకావిడ కింది గది ఇమ్మని మార్పించుకుంది.

ఈ ఏడాది మా గడువు ఆగస్టు 22. పెద్దాయన ముందే వస్తానన్నాడు, ఎందుకంటే ఆ వారమంతా ఇన్వర్‌కార్గిల్‌లో ఉంటాడట. వదిన పెసరట్టు అలవాటు చేసింది.