లారెన్స్‌లో ఏ ఆట మేలు: ఫుట్‌బాలా, బాస్కెట్‌బాలా?

అమెరికాలో లారెన్స్ పట్టణంలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందని చెప్పగానే, అక్కడ చదివిన మనవాళ్లు ఇచ్చే సలహాల్లో ఇంటి అద్దె, చలికోటు తరువాత ఆటల సంగతి వస్తుంది. "డబ్బు పెడితే బాస్కెట్‌బాల్‌కే పెట్టు, ఫుట్‌బాల్ దండగ" అంటారు. పదేళ్ల క్రితం ఆ మాటను కాదనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. ఇది రాస్తున్న 2025 సెప్టెంబరులో మాత్రం లెక్క మళ్లీ వేసుకోవాలి. ఫుట్‌బాల్ జట్టుకు కొత్త స్టేడియం వచ్చింది. బాస్కెట్‌బాల్ జట్టు వరుసగా రెండేళ్లు నిరాశపరిచి, దాదాపు పూర్తిగా కొత్త ఆటగాళ్లతో నవంబరులో బరిలోకి దిగబోతోంది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ అని వేరే చెప్పనక్కరలేదు. ఆగస్టు చివర మొదలై నవంబరుతో ముగుస్తుంది. మొత్తం పన్నెండు మ్యాచ్‌లు, అందులో ఆరేడు సొంత ఊళ్లో, దాదాపు అన్నీ శనివారాలే. బాస్కెట్‌బాల్ నవంబరు నుంచి మార్చి వరకు నడుస్తుంది. సొంతగడ్డపై పదిహేనుకు అటూ ఇటూగా మ్యాచ్‌లు ఉంటాయి. పరీక్షలు, మంచు అన్నీ ఈ కాలంలోనే.

ముందు బాస్కెట్‌బాల్ చూద్దాం, ఎందుకంటే ఈ ఊరికి ఆ ఆటతో ఉన్న బంధం మరే ఊరికీ లేదు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ 1898లో లారెన్స్ వచ్చి, ఇక్కడి జట్టుకు మొదటి కోచ్ అయ్యాడు. 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సస్ కోచ్‌లలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది ఆయనకొక్కడికే! ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ ఈ ఆటకు కోచింగ్ అనే విద్యను నేర్పాడు. ఆ ఆలెన్ దగ్గర ఆడిన అడాల్ఫ్ రప్ కెంటకీలో, డీన్ స్మిత్ నార్త్ కరోలినాలో సామ్రాజ్యాలు నిర్మించారు. కాన్సస్ సొంతంగా 1952, 1988, 2008, 2022లలో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ జాతీయ టైటిళ్లు గెలిచింది. చివరిదాన్ని గెలిచిన తీరు ఇప్పటికీ తలచుకోదగ్గది. న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన ఫైనల్లో నార్త్ కరోలినా కంటే ఒక దశలో 16 పాయింట్లు వెనకబడి, చివరికి 72-69తో గెలిచారు. ఫైనల్ చరిత్రలో అంత వెనక నుంచి పుంజుకున్న జట్టు మరొకటి లేదు.

నైస్మిత్ టైపు చేయించిన 13 నియమాల అసలు కాగితాలు రెండూ ఇక్కడే ఉన్నాయి. లారెన్స్‌లో పెరిగిన డేవిడ్ బూత్ 2010లో వేలంలో 43 లక్షల డాలర్లకు వాటిని కొని విశ్వవిద్యాలయానికి తెచ్చాడు. ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌ను ఆనుకుని ఉన్న డిబ్రూస్ సెంటర్‌లో అద్దాల వెనక ఉంచారు. పిల్లలు నేర్చుకోవడానికి వ్యాయామశాలలో తగిలించానని నైస్మిత్ చేత్తో రాసిన మాట కూడా అడుగున కనిపిస్తుంది. మ్యాచ్‌కు వెళ్లినరోజు ఓ పావుగంట ముందు బయల్దేరి అది చూడకుండా లోపలికి వెళ్లకండి.

ఆలెన్ ఫీల్డ్‌హౌస్ 1955లో తెరిచారు. ఇప్పుడు 15,300 మంది పడతారు. పైన కిటికీలు, చెక్క నేల, బల్లల్లాంటి సీట్లు. ఆడంబరం ఏమీ లేదు. ప్రత్యర్థి జట్టును పరిచయం చేస్తున్నప్పుడు విద్యార్థులంతా దినపత్రిక తెరిచి, వాళ్లెవరో మాకు పట్టదన్నట్టు ముఖాలకు అడ్డం పెట్టుకుంటారు. తమ జట్టు పేర్లు చదవడం మొదలవగానే అవే కాగితాలు చించి గాల్లోకి విసురుతారు. 2017 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాపై ఆడిన రోజున ఈ హాల్లో 130.4 డెసిబెళ్ల చప్పుడు నమోదై గిన్నిస్ రికార్డుకెక్కింది. కానీ గుర్తుండిపోయేది ఆ చప్పుడు కంటే దాని తరువాతిది. గెలుపు ఖాయమయ్యాక చివరి నిమిషంలో అంతా భుజం భుజం కలిపి, ఊగుతూ, "రాక్ చాక్, జేహాక్" అని (జేహాక్ అంటే కాన్సస్ జట్టు గుర్తయిన ఊహాపక్షి) సాగదీసి నెమ్మదిగా పలుకుతారు. కీర్తన చివర కోరస్ అందుకున్నట్టు ఉంటుంది.

దీనికి ఖర్చు టిక్కెట్టు ధరతో ఆగదు. విద్యార్థుల సీట్లలో ముందు వరుస కావాలంటే గుంపులుగా చేరి చీటీల లాటరీలో పేరివ్వాలి. తరువాత మ్యాచ్ రోజు వరకు ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గుంపులో ఒకరైనా ఫీల్డ్‌హౌస్‌లో కూర్చుని ఉండాలి. పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే మీ గుంపును జాబితా నుంచి కొట్టేస్తారు. నేలమీద కూర్చుని అసైన్‌మెంట్లు రాసుకునే విద్యార్థులు అక్కడ మామూలే. ఎమ్మెస్ చేస్తూ ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ పనికి వెళ్లే మన పిల్లలకు ఈ కాపలా కుదరని పని. నలుగురు అమెరికన్ స్నేహితులతో కలిసి గుంపు కట్టుకుంటేనే సాధ్యమవుతుంది. నిజానికి అదే మంచిది కూడా.

ఇక ఫుట్‌బాల్. ఇందులో కాన్సస్ చరిత్ర చాలావరకు గుండెకోత. 1969 జనవరి 1న మయామీలో ఆరెంజ్ బౌల్. సీజన్ ముగిశాక మంచి జట్లను పిలిచి ఆడించే మ్యాచ్‌లను బౌల్ అంటారు. ఆట ముగియడానికి పదిహేను సెకన్లుండగా పెన్ స్టేట్ టచ్‌డౌన్ చేసి (బంతిని కాన్సస్ గీత దాటించి) కాన్సస్ ఆధిక్యాన్ని 14-13కు తగ్గించింది. టచ్‌డౌన్ తరువాత ఒక పాయింటుకో రెండింటికో ఇచ్చే అవకాశంలో పెన్ స్టేట్ రెండింటికి ప్రయత్నించి విఫలమైంది. కాన్సస్ వాళ్లు గంతులేశారు. అంతలో మైదానంలో తప్పు జరిగిందని చెప్పే పసుపు జెండా పడింది. కాన్సస్ తరఫున పదకొండుకు బదులు పన్నెండుమంది నిలబడ్డారట. మళ్లీ ప్రయత్నించమన్నారు, ఈసారి పెన్ స్టేట్ చొచ్చుకుపోయింది. 15-14. ఇంతకన్నా దగ్గరకు వచ్చి ఓడటం ఎలా సాధ్యమో నాకు తెలియదు.

2007లో మార్క్ మాంజీనో కోచ్‌గా 12 గెలుపులు, ఒక్క ఓటమి. ఆ సీజన్ ముగింపులో అదే ఆరెంజ్ బౌల్‌లో వర్జీనియా టెక్‌ను 24-21తో ఓడించారు. ఆ తరువాత పతనం మొదలైంది. 2010 నుంచి 2020 దాకా పదకొండు సీజన్లలో ఒక్కసారి కూడా మూడుకు మించి గెలవలేదు. 2015లో పన్నెండుకు పన్నెండూ ఓడారు. సీనియర్ల సలహా పుట్టింది ఆ రోజుల్లోనే.

మలుపు 2021 నవంబరు 13న ఆస్టిన్‌లో తిరిగింది. కొత్త కోచ్ లాన్స్ లైపోల్డ్ మొదటి ఏడాది. ఎదుట టెక్సాస్. ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది. టచ్‌డౌన్ తరువాత ఒక పాయింటు తీసుకుని ఆటను పొడిగించవచ్చు. లైపోల్డ్ గెలుపుకే సిద్ధపడి రెండు పాయింట్లకు వెళ్లాడు. జాలన్ డేనియల్స్ విసిరిన బంతిని జేర్డ్ కేసీ పట్టాడు. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన, అంతవరకు ఎవరికీ పెద్దగా తెలియని పల్లెటూరి కుర్రాడతను. 57-56. 2008 తరువాత తమ బిగ్ 12 లీగ్ జట్లపై పరాయి గడ్డమీద కాన్సస్‌కు అదే మొదటి గెలుపు.

2022లో వరుసగా అయిదు గెలిచి సీజన్ మొదలుపెట్టారు. లిబర్టీ బౌల్‌లో ఆర్కన్సాస్ కంటే 38-13తో వెనకబడి కూడా సమం చేసి, మూడో ఓవర్‌టైమ్‌లో 55-53తో ఓడారు. 2023లో తొమ్మిది గెలుపులు. ఆ ఏడాది అక్టోబరులో ఓక్లహోమాను 38-33తో ఓడించాక జనం మైదానంలోకి దూకి, గోల్‌పోస్టులు పెకలించి, భుజాలమీద మోసుకుంటూ పక్కనున్న పాటర్ చెరువులో పడేశారు. ఇరవైఆరేళ్ల తరువాత ఓక్లహోమాపై వచ్చిన గెలుపది. బాస్కెట్‌బాల్‌లో గెలుపు అలవాటైన ఊరు అంత వెర్రిగా సంబరపడటం ఫుట్‌బాల్ వల్లే చూడగలిగాం.

2024 మాత్రం చేదు. స్టేడియం పునర్నిర్మాణం వల్ల "సొంత" మ్యాచ్‌లన్నీ కాన్సస్ సిటీలో ఆడారు. 5 గెలుపులు, 7 ఓటములు. కానీ స్కోర్లు చూడండి. యూఎన్‌ఎల్‌వీతో 3 పాయింట్లు, ఇల్లినాయ్‌తో 6, వెస్ట్ వర్జీనియాతో 4, అరిజోనా స్టేట్‌తో 4, అదే రాష్ట్రంలోని మరో విశ్వవిద్యాలయం కాన్సస్ స్టేట్‌తో 2. ఈ అయిదు ఓటముల తేడా అంతా కలిపితే 19 పాయింట్లు. అదే జట్టు నవంబరులో ర్యాంకుల్లో ఉన్న అయోవా స్టేట్, బీవైయూ, కొలరాడోలను వరుసగా ఓడించింది. పాడైపోయిన జట్టు ఇలా ఆడదు. లారెన్స్ కుర్రాడే అయిన డెవిన్ నీల్ ఆ సీజన్‌తో బంతితో అత్యధిక గజాలు పరుగెత్తిన విశ్వవిద్యాలయ రికార్డు తన పేర రాసుకుని వెళ్లిపోయాడు. అతని లోటు ఈ ఏడాది తెలుస్తుంది. ఆగస్టు 23న కొత్త స్టేడియంలో ఫ్రెస్నో స్టేట్‌ను 31-7తో ఓడించి శుభారంభం చేశారు. తరువాత పొరుగు రాష్ట్రం మిసోరీ చేతిలో 42-31తో ఓడారు. 2011 తరువాత ఆ రెండు జట్లు ఫుట్‌బాల్‌లో తలపడటం అదే మొదటిసారి. స్టేడియానికి ఉన్న పేరు కూడా డేవిడ్ బూత్‌దే. 2025 ఆగస్టులో ఆయన విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి మరో 30 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించాడు, అందులో కొంత ఈ స్టేడియానికే. బాస్కెట్‌బాల్ నియమాలు కొన్న మనిషే ఫుట్‌బాల్ స్టేడియానికీ ఇస్తున్నాడంటే, ఈ విశ్వవిద్యాలయం ఎటు చూస్తోందో తెలుస్తూనే ఉంది. 2025 జులై నుంచి ఆటగాళ్లకు విశ్వవిద్యాలయాలే నేరుగా ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. ఆ డబ్బులో సింహభాగం దేశమంతటా ఫుట్‌బాల్‌కే పోతోంది.

మరి రాబోయే బాస్కెట్‌బాల్ సీజన్ మాటేమిటి? గత రెండేళ్లూ కాన్సస్ జట్టు దేశంలో నంబర్ వన్ అంచనాలతో సీజన్ మొదలుపెట్టింది. 2024లో జాతీయ టోర్నమెంటు రెండో రౌండ్‌లో గొన్జాగా చేతిలో 89-68తో చిత్తయింది. 2025లో మొదటి రౌండ్‌లోనే ఆర్కన్సాస్ చేతిలో 79-72తో ఇంటిముఖం పట్టింది. హంటర్ డికిన్సన్, డజువాన్ హారిస్, కేజే ఆడమ్స్ ముగ్గురూ వెళ్లిపోయారు. ఆశలన్నీ ఒహాయోలోని కాంటన్ నుంచి వచ్చిన డారిన్ పీటర్సన్ మీద ఉన్నాయి. హైస్కూలు దాటి ఈ ఏడాది కాలేజీకి వచ్చిన ఆటగాళ్లలో దేశమంతా మొదట చెప్పే రెండు మూడు పేర్లలో అతనిదొకటి. కాంగో నుంచి వచ్చిన ఫ్లోరీ బిడుంగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (వేరే విశ్వవిద్యాలయానికి మారదలచిన ఆటగాళ్ల జాబితాలో) పేరిచ్చి, మనసు మార్చుకుని ఉండిపోయాడు. బుట్ట దగ్గర అతను ఉంటే ఎదుటివాళ్లు రెండుసార్లు ఆలోచించాలి. మోకాలి గాయంతో ఏడాదంతా కూర్చున్న ఎల్మార్కో జాక్సన్ తిరిగొస్తున్నాడు. సెయింట్ బోనవెంచర్ నుంచి మెల్విన్ కౌన్సిల్, ఇల్లినాయ్ నుంచి ట్రే వైట్ వచ్చారు. 2003 నుంచి కోచ్‌గా ఉన్న బిల్ సెల్ఫ్‌కు జులైలో గుండెకు రెండు స్టెంట్లు వేశారు. ఆయన ఆరోగ్యంగా ఉండాలని నా మనస్ఫూర్తి కోరిక. ఆటకు సంబంధించి కూడా అన్నింటికన్నా ముఖ్యమైనది అదే.

నా అంచనా చెబుతాను. ఈ జట్టు గత రెండు జట్లకన్నా వేగంగా, చూడముచ్చటగా ఆడుతుంది. అనుభవం తక్కువ కనుక నవంబరులో నార్త్ కరోలినా, డ్యూక్‌లతో ఆడే మ్యాచ్‌లలో తడబడవచ్చు. పీటర్సన్ ఒక్క ఏడాది ఆడి వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏకు వెళ్లిపోతాడన్నది అందరికీ తెలిసిందే, కనుక చూడాలనుకుంటే ఈ చలికాలమే చూడాలి.

వాలీబాల్ గురించీ ఒక మాట. కాన్సస్ మహిళల జట్టు 2015లో జాతీయ సెమీఫైనల్స్ దాకా వెళ్లింది, ఇప్పటికీ గట్టి జట్టే. వాలీబాల్ ఆడుతూ పెరిగిన మనవాళ్లకు నియమాలు నేర్చుకునే శ్రమ ఉండదు.

ఇప్పుడు ఎంపిక. కాన్సస్ సిటీలో ఉద్యోగం చేస్తూ ఏడాదికి ఒక్కసారే లారెన్స్ రాగలిగేవారు ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌కే రావాలి. అందులో రెండో మాట లేదు. తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చినా అక్కడికే తీసుకెళ్లండి. బయటి చలితో పని లేదు, రెండు గంటల్లో అయిపోతుంది, బుట్టలో బంతి పడితే పాయింటని అమ్మకూ అర్థమవుతుంది.

రెండేళ్లు ఉండబోయే విద్యార్థి మాత్రం ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. సెప్టెంబరులో మీకింకా ఎవరూ తెలియరు. స్టేడియం బయట మధ్యాహ్నం నుంచే పొయ్యిలు వెలిగించి మాంసం కాలుస్తూ కూర్చునే కుటుంబాలు అపరిచితులను కూడా పిలిచి పళ్లెం చేతికిస్తాయి. ఆట మధ్యలో ఆగుతూ సాగుతుంది గనుక పక్కవాళ్లను అడిగి నియమాలు తెలుసుకోవడానికి బోలెడంత సమయం. సీటుకోసం కాపలా అక్కరలేదు. అన్నింటికన్నా, ఓడిన రోజులు చూసినవాళ్ల పక్కన కూర్చుంటే ఆ గెలుపు ఎంత విలువైనదో తెలుస్తుంది. అక్కడ పరిచయమైనవాళ్లే నవంబరులో బాస్కెట్‌బాల్ కాపలాకు మీ గుంపవుతారు.

తేదీ కావాలంటే 2025 అక్టోబరు 25. ఆ శనివారం కాన్సస్ స్టేట్ లారెన్స్ వస్తోంది. గంటన్నర దూరంలోని మన్‌హాటన్ పట్టణపు ఆ జట్టుపై కాన్సస్ 2008 తరువాత ఒక్కసారి కూడా గెలవలేదు.