అమెరికా కాలేజీ క్రీడా స్కాలర్‌షిప్: నాలుగేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

మా అమ్మాయి అమెరికాలో ఒక డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో అత్యున్నత శ్రేణి) విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లు దూరపు పరుగు పోటీల్లో పాల్గొంది. అందుకు ప్రతిగా ఆ విశ్వవిద్యాలయం మొదట ఫీజులో దాదాపు సగం భరించింది. పిల్లలకు ఇలాంటి స్కాలర్‌షిప్ వస్తే ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం, ఆ ఒప్పందం మాకు ఏమిచ్చిందో, మా నుంచి ఏమడిగిందో, ఏ దశలో చేతులెత్తేసిందో రాస్తున్నాను. అయిదు మార్కులకు నేను మూడు వేస్తాను. డబ్బు తక్కువైందని రెండు మార్కులు తగ్గించలేదు. షరతులన్నీ ఒక పక్షమే రాసుకుని, రెండో పక్షానికి అడిగే చోటే లేకుండా చేసినందుకు తగ్గించాను.

మంచి సంగతులు ముందు చెప్పాలి. చదువు విషయంలో మాకు ఏ లోటూ కలగలేదు. జట్టు విద్యార్థులకు ప్రత్యేకంగా ట్యూటర్లు ఉండేవారు. బూట్లు, దుస్తులు, పోటీల ప్రయాణ ఖర్చులు పూర్తిగా విశ్వవిద్యాలయమే చూసుకుంది. ఆ జట్టులో ఆమెకు దొరికిన స్నేహితులు ఈ రోజుకీ మా ఇంటి మనుషుల్లాగే ఉన్నారు.

ఇక సమయం సంగతి. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో కోచ్ ఆధ్వర్యంలోని సాధన, పోటీలు కలిపి వారానికి 20 గంటలు మించకూడదు. అయితే ప్రయాణం, గాయాలకు ఫిజియోథెరపీ, ‘స్వచ్ఛంద’ సాధన ఈ లెక్కలోకి రావు. రెండో ఏడాది అక్టోబరులో జరిగిన ఒక పోటీ నాకు బాగా గుర్తుంది. శుక్రవారం మధ్యాహ్నం తరగతి వదులుకుని బస్సెక్కింది. ఆరు గంటల ప్రయాణం, రాత్రి మోటెల్‌లో బస, శనివారం ఉదయం 6 కిలోమీటర్ల పరుగు, మళ్లీ బస్సు. హాస్టల్ గదికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు ఆ వారం గంటల పట్టికను ధ్రువీకరించమని ఫోన్‌కు సందేశం వస్తే, శనివారం గడిలో 3 అని ఉంది. వీడియో కాల్‌లో ఆ పట్టిక చదివి వినిపించి, “రూల్ ప్రకారం ఇది కరెక్టే, అమ్మా” అంది. నిజమే, పోటీ రోజు ఎంతసేపు సాగినా 3 గంటలుగానే లెక్కించాలన్నది నిబంధన.

ఆ చలికాలంలోనే మోకాలి కింది ఎముకలో సన్నని చీలిక వచ్చింది. కాలు మోపవద్దని డాక్టరు చెప్పిన ఎనిమిది వారాలూ ఆమె చంకకర్రలతోనే తెల్లవారుజామున మైదానానికి వెళ్లి, గట్టున కూర్చుని తోటివారి టైమింగులు రాసింది. చికిత్స బాగానే చేయించారు. కానీ మాది ఏడాదికోసారి పొడిగించే స్కాలర్‌షిప్ కావడంతో, జూన్‌లో వచ్చిన ఉత్తరంలో మరుసటి ఏడాది మొత్తం సగానికి తగ్గిపోయింది; కారణం రాయలేదు. విచారణ కోరే హక్కు ఉంది కాబట్టి కోరాం. ఆ కమిటీలో కూర్చున్న వారందరూ విశ్వవిద్యాలయం ఉద్యోగులే. వారి ఎదుట పందొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే మాట్లాడుకుంది. కోత అలాగే ఉండిపోయింది.

2024 ఆగస్టు నుంచి డివిజన్ వన్‌లో ఆటతీరు, గాయం వంటి కారణాలతో స్కాలర్‌షిప్ తగ్గించకూడదని, ఆట వల్ల అయిన గాయాలకు చదువు ముగిశాక కూడా కనీసం రెండేళ్లు వైద్యఖర్చు భరించాలని నియమం వచ్చింది. అప్పటికి మా అమ్మాయి డిగ్రీ పూర్తయింది. ఇది మంచి మార్పు. అయితే క్రీడాకారులతో కూర్చుని కుదుర్చుకున్నది కాదు కనుక, ఇచ్చినవారే రేపు వెనక్కి తీసుకోగలరు.

ఈ పిల్లలను ఉద్యోగులుగా గుర్తించి, యూనియన్ హక్కు ఇవ్వాలని నేను ఎందుకు నమ్ముతున్నానో ఇక్కడే చెప్పాలి. 1955లో కొలరాడోలో కాలేజీ తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి రే డెనిసన్ చనిపోయాడు. ఆయన భార్య కార్మికులకిచ్చే నష్టపరిహారం కోరితే, 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది. ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే పదాన్ని, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే రూపొందించామని అప్పటి ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బయర్స్ తర్వాత స్వయంగా రాశారు. 2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటగాళ్ల కేసులో, సీజన్‌లో వారు వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే వెచ్చిస్తున్నారని, వారు ఉద్యోగులేనని నేషనల్ లేబర్ రిలేషన్స్ బోర్డు (ప్రైవేటు సంస్థల్లో యూనియన్ వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ప్రాంతీయ అధికారి తేల్చారు. ఆటగాళ్లు యూనియన్ కోసం ఓట్లు కూడా వేశారు. 2015లో బోర్డు ఆ కేసు తమ పరిధిలోకి తీసుకోబోమని ప్రకటించడంతో, ఆ ఓట్లు లెక్కించనేలేదు. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 13–2 ఓట్లతో యూనియన్‌ను ఎన్నుకుంది. గుర్తింపు కోసం బోర్డు ముందు వేసిన ఆ పిటిషన్‌నూ ఆ ఏడాది చివరి రోజున యూనియనే ఉపసంహరించుకుంది.

క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం విశ్వవిద్యాలయాలు తొలి ఏడాది ఒక్కొక్కటి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. ఇక సమస్య తీరినట్లేనని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. అందులో అధిక భాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు వెళుతుంది. దూరపు పరుగు ఆడపిల్లకు దక్కేది నామమాత్రమే. పైగా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జీతాల పరిమితిని ఆటగాళ్ల సంఘంతో బేరమాడి నిర్ణయిస్తారు; ఇక్కడ యూనియన్ అనేదే లేదు.

అభ్యంతరాలు తేలికైనవి కావు. జీతమైతే పన్ను పడవచ్చు. ఎఫ్–1 వీసా మీద ఉన్న పిల్లలు సెమిస్టర్ జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి కనుక, ఆట ఉద్యోగమైతే వారికి కొత్త చిక్కు వస్తుంది. ఖర్చు పెరిగితే ఈత, పరుగు వంటి చిన్న జట్లను ఎత్తేస్తారన్న భయం నాకూ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఆ లేబర్ బోర్డు పరిధిలోకే రావు. అయినా 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో అదే బోర్డు టీచింగ్ అసిస్టెంట్లను (చదువుకుంటూనే తరగతుల బోధనలో సాయపడే విద్యార్థులను) ఉద్యోగులుగా గుర్తించింది. వారు యూనియన్ పెట్టుకున్నారు, చదువూ సాగించారు. ఒకే మనిషి విద్యార్థి, ఉద్యోగి రెండూ కావచ్చని అక్కడ ఒప్పుకున్నవారు, తెల్లవారుజామున మైదానంలో ఉండే పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కాదంటున్నారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మా అబ్బాయికి ఈత జట్టులో చోటిస్తామని మరో విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. సంతకానికి ముందు మూడు ప్రశ్నలు రాసి పంపాం: గాయమైనా నాలుగేళ్లూ స్కాలర్‌షిప్ నిలుస్తుందా, చదువయ్యాక ఆ గాయానికి వైద్యం ఎన్నేళ్లు భరిస్తారు, కోచ్‌తో విభేదం వస్తే మా అబ్బాయి తరఫున మాట్లాడేదెవరు. మొదటి రెండింటికీ స్పష్టంగా, రాతపూర్వకంగా జవాబు వచ్చింది. మూడోదానికి, క్రీడా విభాగాన్నే సంప్రదించమని రాశారు.